కామెర్ల కాగితం

నాకు కామెర్లు ఎప్పుడూ రాలేదు. అయినా నేను పనిచేసిన ఇంజనీరింగ్ కాలేజీలో నా ఫైలు తెరిస్తే, ఒక చలికాలం చివర నాకు ఇరవై ఏడు రోజులు కామెర్లు ఉన్నట్టు కాగితాలు కనిపించాల్సింది. కనిపించవు. అవి అక్కడ ఎందుకు లేవో రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. బాపు పోయిన సంగతి రాయడం నా వల్ల కాదు. రెండు మూడుసార్లు మొదలుపెట్టి, రాసింది చదువుకుని, చించేశాను. కాగితాల సంగతి అయితే రాయగలను. రెండూ ఒకే నెలలో జరిగాయి కాబట్టి, ఒకటి చెబుతుంటే రెండోది దానంతట అదే కొంత వస్తుంది.

అప్పుడు శేరిగూడ చుట్టూ ఏడాదికొక కొత్త కాలేజీ లేస్తోంది. పొద్దున్నే హైదరాబాద్ నుంచి కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. బొంగులూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు పని నడుస్తోంది. జొన్న చేలల్లో తెల్లరంగు వేసిన హద్దురాళ్లు పాతి, జెండాలు కట్టి, వెంచర్లు అంటున్నారు. బాపు అలాంటి ఒక వెంచర్‌కు వాచ్‌మన్. అంతకుముందు ఆయనది చేపల పని. పెద్దచెరువులోకి నీళ్లు రాక ఏళ్లు కావడంతో వల మడిచి అటక మీద పెట్టి, రేకుల గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఇండ్లు లేని ఊరికి నన్ను కావలి వెట్టిన్రు" అని నవ్వేవాడు.

నేను కాలేజీ లైబ్రరీలో అసిస్టెంట్‌ని. ఇంట్లో బాపు, నేను ఇద్దరమే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అక్కను మహేశ్వరంలో ఇచ్చాం. రాత్రి అన్నం తిన్నాక నేను పుస్తకం పట్టుకుంటే బాపు చేపల లెక్కలోనే అడిగేవాడు, "ఇయ్యాల ఎన్ని వట్టినవ్ రా?" అని. రెండు పుస్తకాలంటే తల ఊపేవాడు. ఆయనకు చదవడం రాదు. కానీ రోజుకు రెండు అంటే తక్కువ కాదని ఆయన లెక్క.

కాలేజీలో మాకు ఏడాదికి పన్నెండు సెలవులు. మూడు రోజులకు మించి రాకపోతే డాక్టర్ దగ్గర మెడికల్ సర్టిఫికెట్ తెచ్చి పెట్టాలి. తిరిగి చేరే రోజు, ఇతను కోలుకున్నాడు, పని చేయగలడు అని అదే డాక్టర్ దగ్గర ఇంకో కాగితం తేవాలి. దాన్ని ఫిట్‌నెస్ అనేవాళ్లం. రెండు కాగితాలూ ఉద్యోగి ఒంటి గురించే. ఇంట్లో ఇంకెవరికి బాగా లేకపోయినా, ఎవరు పోయినా, దానికి వేరే సెలవు ఉందని మేము వినలేదు. అందుకని ఇంట్లో ఎవరికి ఏమైనా రోగం మాత్రం మేము తెచ్చుకునేవాళ్లం. అటెండర్ భార్య కాన్పుకు అటెండర్‌కు టైఫాయిడ్ వచ్చింది. లెక్కల సార్ తల్లికి కంటి ఆపరేషన్ అయితే ఆ వారమంతా సారుకు వాంతులు, విరేచనాలు. అక్క ఆపరేషన్‌కు నేను కూడా పదిహేను రోజులు టైఫాయిడ్ పడ్డాను. దీన్ని ఎవరమూ అబద్ధం అనుకోలేదు. ఆఫీసు పద్ధతి అనుకున్నాం.

సర్టిఫికెట్ల కోసం అందరం వెళ్లేది ఇబ్రహీంపట్నం బస్టాండ్ వెనక ఒక డాక్టర్ దగ్గరికి. పెద్దాయన. జ్వరంతో వెళితే నాలుక, గొంతు, కడుపు అన్నీ చూసి గానీ గోళీ రాయడు. సర్టిఫికెట్ కోసం వెళ్లినవాళ్లు మాత్రం ఆయన గదిలోకి పోనక్కర్లేదు. బయట కంపౌండర్ బల్ల దగ్గరే పని అయిపోయేది. కంపౌండర్ ఏమైంది అని అడగడు. "ఎన్నొద్దులు?" అని అడుగుతాడు. రోజులు చెబితే రోగం ఆయన చూసుకుంటాడు. నాలుగైదు రోజులకు వైరల్ జ్వరం. వారానికి విరేచనాలు. పదిహేను రోజులకు టైఫాయిడ్. అంతకు మించితే కామెర్లు. నెల దాటితే నడుము. ఒకసారి ఎవరో కడుపునొప్పికి పదిహేను రోజులు రాయమని అడిగితే ఆయనకు కోపం వచ్చింది. "గట్లెట్ల రాస్త? దేనికి ఎన్నొద్దులుంటదో దానికి గన్నొద్దులే. మేమేమన్న దొంగ పని చేస్తున్నమా?" అన్నాడు.

ఆ ఏడాది మాకు కొత్త ఏవో వచ్చాడు. అంటే ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే అధికారి. మిలటరీ ఆఫీసులో పనిచేసి రిటైరై వచ్చిన మనిషి. పాత ఏవో ఏ కాగితం పెట్టినా సంతకం చేసేవాడు. ఈయన చదివేవాడు. వచ్చిన రెండు నెలలకు వర్క్‌షాప్ ఎలక్ట్రీషియన్ కాలు విరిగిందని సర్టిఫికెట్ పెట్టాడు. ఆదివారం అంగడిలో ఆ ఎలక్ట్రీషియన్ ఆలుగడ్డల సంచి భుజాన వేసుకుని పోతుంటే ఏవో స్వయంగా చూశాడు. సోమవారం ఎలక్ట్రీషియన్ ఉద్యోగం పోయింది. నాకు అప్పటికి నౌకరీ పక్కా కాలేదు. జూన్‌లో కావాల్సి ఉంది. మధ్యలో సర్వీసు తెగితే మళ్లీ మొదటినుంచి లెక్క, అది కూడా ఉంచుకుంటే.

బాపు కళ్లు పచ్చబడ్డాయని మొదట చెప్పింది వెంచర్‌కు ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్లు. ఆయన నాకు చెప్పకుండా వెళ్లి పసరు పోయించుకుని వచ్చాడు. పది రోజులకు పొట్ట ఉబ్బింది. డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చాలాసేపు చూసి, ఇది పసరుతో పోయేది కాదని, కాలేయం చెడిందని, వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మని చెప్పాడు. బాపు చొక్కా తొడుక్కుంటుండగా నేను బయటికి వచ్చి కంపౌండర్ బల్ల దగ్గర నిలబడ్డాను.

"ఎన్నొద్దులు తమ్మి?"

"ఎరుక లేదన్న. బాపును హైదరాబాద్ దవాఖానకు తీస్కపోతున్న."

"పదిహేను రాస్త. సాలకపోతే పొడిగిద్దాం." కలం తీసి ఆగాడు. "నీకు పోయినేడు టైఫాయిడ్ రాసినట్టున్న గదా?"

"అవ్."

"మల్ల గదే అంటే మీ కొత్త ఏవోకు అనుమానమొస్తది. కామెర్లు రాస్త. అవి తగ్గనీకి నెల వడ్తది. పొడిగించినా ఎవ్వడేమనడు."

తెర వెనక డాక్టర్ బాపుతో మాట్లాడుతున్నాడు. ఇవతల కంపౌండర్ నా పేరు కింద ఆ రోగమే రాస్తున్నాడు. అప్పుడు నాకు దానిలో ఏమీ కనిపించలేదు. నేను బస్సు టైము చూసుకుంటున్నాను.

కనిపించింది అక్కకు. దవాఖాన వరండాలో నా చేతిసంచిలో తువ్వాల కోసం వెతుకుతుంటే కాలేజీకి పంపిన సర్టిఫికెట్ జిరాక్సు కాపీ దొరికింది. ఆమె పదో తరగతి దాకా చదివింది.

"బాపుకున్న రోగమే నీ పేర్న రాయించినవేంది రా? లోకంల ఇంకో రోగమే లేదా?"

"అది ఉత్త కాగితం అక్క. సెలవు కోసం."

"కాగితమే. నీ పేరుంది గదా దాని మీద."

ఆ రోజు నుంచి పొద్దున్నే ఆమె బొటనవేలితో నా కింది రెప్ప లాగి చూసేది. బాపుకు మొహం కడిగి, తర్వాత నా రెప్ప. నేను విసుక్కునేవాణ్ని. ఇలాంటివి నమ్మే మనిషిని కాను. కానీ దవాఖాన నల్లాల దగ్గర ఒక పగిలిన అద్దం ఉండేది. ఎవరూ లేనప్పుడు నేను కూడా దానిలో చూసుకున్నాను. ఒక్కసారి కాదు.

పదహారో రోజు పొద్దున నేను చాయ్ తేవడానికి కిందికి పోయినప్పుడు బాపు పోయాడు. ఇంతకంటే రాయను.

మూడో రోజు పిట్టకు, అంటే కాకికి, పెట్టాలి. ఆయనకు ఇష్టమైంది పెడతారు కదా. పెద్దచెరువు చేప కోసం అడిగాం, నీళ్లే లేని చెరువులో చేప ఎక్కడిది. అక్క కోస్తా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన చేప కొని వండింది. కాకి చాలాసేపు రాలేదు. "ఐసుల వెట్టింది గదా, గుర్తు వడ్తలేడు" అంది అక్క. అక్కడున్న ఒకరిద్దరు నవ్వారు. అక్క కూడా నవ్వి, మళ్లీ ఏడ్చింది. కాసేపటికి కాకి వచ్చింది.

పదకొండో రోజు దినాలు చేసి, గుండు చేయించుకున్నాను. మీసం కూడా తీశారు. మర్నాడు కాలేజీలో చేరాలి. పొడిగింపు కాగితం, ఫిట్‌నెస్ రెండూ తీసుకోవడానికి ఇబ్రహీంపట్నం డాక్టర్ దగ్గరికి వెళ్లాను. కంపౌండర్ నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. ఆ బల్ల వెనక ఆయన లేచి నిలబడటం నేను అదివరకు చూడలేదు.

"ఎన్నడు తమ్మి?"

చెప్పాను. ఆయన మెల్లగా కూర్చున్నాడు. తర్వాత కాగితాలు ముందుకు లాక్కుని, నా తల వైపు చూశాడు.

"గిదొక్కటి అడ్డమొచ్చింది."

"బాపు పోయిండని చెప్త అన్న. ఏముంది అండ్ల."

"చెప్తవ్. ఏవో ఏమడుగుతడు? కామెర్లతోని లేవలేనోడివి పాడె ఎట్ల మోసినవ్, బాయికాడ ఎట్ల తానం చేసినవ్ అంటడు. ఏ దవాఖానల పోయిండు అంటడు. అక్కడ పదహారొద్దులు ఎవరున్నరు అంటడు. అయిపాయె." ఆలోచించాడు. "గుట్టకు వోయిన అను. కామెర్లు తగ్గితే గుండిస్త అని మొక్కుకున్న, ఇచ్చిన అను. దేవుని మాట వచ్చినంక ఏవో గూడ మల్ల అడగడు."

ఆయన ఇంకొంచెం ముందుకు వంగి చూశాడు.

"మీసం గూడ తీసిన్రా?"

"తీస్తరు గదా అన్న."

"మొక్కుకు మీసమెవ్వడిస్తడు?" నిజంగానే ఆయనకు ఇబ్బంది అయింది. గడ్డం గోక్కున్నాడు. "మీసంతో సహా మొక్కుకున్న అను."

పొడిగింపు పన్నెండు రోజులు రాశాడు. ఫిట్‌నెస్ కాగితంలో నేను పూర్తిగా కోలుకున్నానని రాసి, లోపలికి తీసుకుపోయి సంతకం చేయించుకొచ్చాడు. నేను మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ రాత్రి నాకున్న చిక్కు ఇది. ఉద్యోగం ఉండాలంటే రేపు బాపు పోలేదని చెప్పాలి. నా రోగం తగ్గినందుకు సంతోషంగా గుండు కొట్టించుకున్న మనిషిలా ఉండాలి. ఎవరైనా ప్రసాదం అడుగుతారు. అడిగితే ఏమివ్వాలి? ఎన్నాళ్లు ఇలా చెప్పాలి? ఏడాది మాసికానికి సెలవు అడిగితే ఎవరిది అని చెప్పాలి? ఉద్యోగం లేకపోతే ఇంటి అద్దె గురించి కాదు నా భయం. బాపు నా ఉద్యోగం గురించి వెంచర్‌కు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. మా పోరడు లైబ్రరీల సారు అనేవాడు. ఆయన పోయిన నెలలోనే దాన్ని పోగొట్టుకోవడం నాకు చేతకాదు. ఆయన పోలేదని చెప్పడం కూడా చేతకాదు అనుకున్నాను. తెల్లారి తేలింది, అది చేతనవుతుందని.

గేటు దగ్గర బస్సు దిగినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. అటెండర్ నన్ను చూసి, అందరికీ వినబడేట్టు అన్నాడు, "ఏం సార్, గుట్టకు వోయొచ్చినవా?"

"అవ్" అన్నాను.

"ప్రసాదమేది మరి?"

"తెస్త."

లెక్కల సార్ అక్కడే ఉన్నారు. ఆయన హైదరాబాద్ నుంచి వచ్చేవారు, బాపు కావలి కాసే వెంచర్‌లో ఒక ప్లాటు కొనుక్కున్నారు. దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "బాగా చిక్కిపోయారండీ. కామెర్లంటే మాటలు కాదు. మీ నాన్నగారు బాగున్నారా? నా హద్దురాళ్లు చూస్తున్నారా?"

"చూస్తున్నడు సార్" అన్నాను.

ఆఫీసుకు మెట్లు పద్దెనిమిది. ఎక్కేటప్పుడు అంత నీచంగా నాకు ఎప్పుడూ అనిపించలేదు. దవాఖానలో లేదు, కాటి దగ్గర లేదు. అక్కడ బాధ ఉంది గానీ ఇది లేదు.

ఏవో నా కాగితాలు తీసుకున్నాడు. ఫైల్లోంచి మొదటి కాగితం కూడా తీసి, మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. తర్వాత నా తల వైపు, మూతి వైపు చూశాడు.

"కూసో." కూర్చున్నాను. "గుండు?"

గుట్ట అనే మాట నా నోట్లోనే ఉంది. కింద ఒకసారి అన్నదే. ఈసారి అది రాలేదు.

"మా బాపు పోయిండు సార్."

"ఎన్నడు?"

"పన్నెండొద్దులైంది."

"ఏం రోగం?"

"కామెర్లు. కాలేయం చెడింది."

ఆయన బల్ల మీది కాగితాలు మళ్లీ చూశాడు. "మరి గీ కామెర్లు?"

"గవి నాయి కావు సార్. నాకేం లేదు. ఇన్నొద్దులు బాపుకాడనే ఉన్న."

ఆయన మూడు కాగితాలూ సర్ది, నా వైపు జరిపాడు. అయిపోయింది అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అప్పుడు నాకు భయం వేయలేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, అయినా ఊపిరి సరిగ్గా ఆడింది. కిందికి పోయి లెక్కల సార్‌కు కూడా చెప్పొచ్చు అనుకున్నాను.

"నేను వచ్చినకాడికెళ్లి చూస్తున్న" అన్నాడు ఏవో. "గీ కాలేజీల ఎవ్వరింట్ల ఎవ్వరికి రోగం రాదు. ఎవ్వరు సావరు. అన్ని రోగాలు మీకే వస్తయ్. ఎందుకు?"

"వేరే సెలవు లేదు గదా సార్."

"ఎవడు చెప్పిండు?"

ఎవరు చెప్పారో ఆలోచించాను. ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలుసు, అంతే.

"సర్వీసు రూల్సు చదివినవా?"

"లేదు సార్."

"లైబ్రరీల పనిచేస్తవ్. గా పుస్తకం నీకాడ ఒకటి ఉండాలె."

"ఉంది సార్." ఎక్కడుందో కూడా ఆలోచించకుండా చెప్పగలను. చివరి రాక్, అన్నిటికంటే కింది అర, పాత ప్రాస్పెక్టస్‌ల పక్కన. తనిఖీకి వచ్చేవాళ్లు అడుగుతారని తెప్పించి పెట్టింది.

"పట్టుకరాపో."

లైబ్రరీ తాళం తీసి లోపలికి వెళ్లాను. నేను తుడవని ఇరవై ఏడు రోజుల దుమ్ము. కింది అర కోసం నేల మీద కూర్చోవాల్సి వచ్చింది. పుస్తకం పల్చనిది, నీలం అట్ట. లోపల కాలేజీ ముద్ర వేసింది నేను. నంబరు వేసింది నేను. రిజిస్టర్‌లో ఎక్కించింది నేను. వెనక అతికించిన చీటీ మీద ఒక్క తేదీ లేదు. ఎవరూ తీసుకోలేదు, నేనూ తెరవలేదు. అక్కడే కూర్చుని సెలవుల భాగం తీశాను. కుటుంబసభ్యులకు తీవ్రమైన అనారోగ్యం కలిగినప్పుడు గానీ, మరణం సంభవించినప్పుడు గానీ, ఉద్యోగి దరఖాస్తుపై ముప్పై రోజులకు మించకుండా సెలవు మంజూరు చేయవచ్చు. మొదటి పది రోజులు జీతంతో, మిగతావి జీతం లేకుండా. సర్వీసుకు భంగం ఉండదు. ముందుగా తెలపడం వీలుకానప్పుడు, తిరిగి చేరిన మూడు రోజుల్లోపు దరఖాస్తు ఇవ్వవచ్చు. డాక్టర్ సర్టిఫికెట్ అనే మాట అందులో ఎక్కడా లేదు.

మూడుసార్లు చదివాను. నాలుగేళ్లుగా ఆ అర ముందు నుంచే రోజూ నడిచాను. ఆ గదిలో నా చెయ్యి తగలని పుస్తకం లేదు, కథలైతే రెండేసిసార్లు చదివినవి ఉన్నాయి. ఇదొక్కటి తెరిచి ఉంటే అక్క ఆపరేషన్‌కు నాకు టైఫాయిడ్ అక్కర్లేదు. అటెండర్‌కు అక్కర్లేదు. ఎన్ని వట్టినవ్ రా అని బాపు అడిగినట్టే అనిపించింది. నాకు నవ్వు వచ్చింది. ఆయన పోయాక అది మొదటిసారి. నేల మీద కూర్చుని ఒక్కణ్నే కాసేపు నవ్వాను. కళ్లు తుడుచుకుని పైకి వెళ్లాను.

ఏవో ఒక తెల్లకాగితం ఇచ్చాడు. "జరిగింది జరిగినట్టు రాయి. ఏ రోజు ఏమైందో సరిగ్గ రాయి. ఎక్కువ రాయకు."

నాలుగు వాక్యాలు రాశాను. నా తండ్రికి జబ్బు చేసింది. ఫలానా రోజు దవాఖానలో చేర్చాను. ఫలానా రోజు పోయాడు. సెలవు మంజూరు చేయగోరుతున్నాను. బాపు గురించి నేను రాసినవాటిలో చించకుండా ఉంచింది అదొక్కటే. ఆయన చదివి సంతకం చేశాడు.

"మరి గీ కాగితాలు సార్?"

"గవి నేను చూడలేదు. నువ్వియ్యలేదు. తీస్కపో." నేను లేస్తుంటే అన్నాడు, "ఎలక్ట్రీషియన్ను గూడ గిదే అడిగిన. ఇంట్ల ఏమన్న అయిందా అని. కాలిరిగిందనే అన్నడు, ఆఖరిదాంక. నా ముంగట నిలవడే అన్నడు."

ఆ ఎలక్ట్రీషియన్ ఇంట్లో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఏమీ జరగకపోయి ఉండొచ్చు కూడా. నేను మాత్రం బతికిపోయాను, అతని ఉద్యోగం పోయింది. తర్వాత ఒకసారి బస్సులో కనిపించాడు. అడగాలనుకుని అడగలేదు.

కిందికి దిగి అటెండర్ దగ్గరికి వెళ్లాను. "అన్న, నేను గుట్టకు వోలేదు" అన్నాను.

"ఎరుకే సార్."

"ఎట్ల ఎరుక?"

"మీసం చూస్తే ఎరుక కాదా? మా నాయినకు నేను గూడ తీసిన." గేటు వైపు చూపించాడు. "మంది ఉన్నరు గదా, ఎవరన్న అడుగుతరని ముందుగాల్నే గుట్ట మాట నేనందిచ్చిన. నువ్వు అవ్ అంటివి. మంచిగనే అందుకుంటివి అనుకున్న." తర్వాత గొంతు తగ్గించి, "బాపేనా?" అన్నాడు. అవునన్నాను. చాయ్ తెచ్చి ఇచ్చి, నేను తాగేదాకా పక్కనే నిలబడ్డాడు.

లెక్కల సార్ క్లాసు అయ్యేదాకా ఆగి చెప్పాను. ఆయన చేతిలో సుద్ద అలాగే ఉంది. "పొద్దున నేను అలా అడిగానే" అన్నారు. నేనే చూస్తున్నాడని చెప్పాను కదా సార్ అన్నాను. ఆయన హద్దురాళ్ల మాట ఆ తర్వాత నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

సాయంత్రం బస్టాండ్‌లో దిగి దవాఖానకు వెళ్లాను. మూడు కాగితాలూ కంపౌండర్ బల్ల మీద పెట్టాను. ఆయన మొహం మారిపోయింది.

"వాపస్ తెచ్చినవేంది? పట్టుకున్నడా? డాక్టర్ సాబ్ పేరు తీసిండా?"

"ఎవ్వరి పేరు తియ్యలే అన్న." జరిగింది చెప్పాను. రూలు చెప్పాను. ఆయన మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"సర్టిఫికెట్ లేకుంటనే ఇస్తరా?"

"ఇస్తరు. పుస్తకంల ఉంది."

"నువ్వు గీ సంగతి అందరికి చెప్పేటట్టున్నవ్ మరి."

"చెప్త."

"చెప్పు చెప్పు. ఇగ మేము గోళీలమ్ముకొని బతుకుతం" అన్నాడు. అని నవ్వాడు. కాగితాలు తీసుకుని లోపలికి వెళ్లాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

సర్టిఫికెట్ పని మీద ఆ గదిలోకి వెళ్లడం నాకు అదే మొదలు. డాక్టర్ ముందు ఆ మూడు కాగితాలూ ఉన్నాయి. బాపుకు చివర్లో ఏమేం చేశారో అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. ఇంకా ముందు తెచ్చి ఉంటే అని ఆయన అనలేదు. నేను ఆ మాట కోసం చూస్తున్నాను, ఆయన అనలేదు. పసరు పోయించుకున్న పది రోజులతో ఏమీ మారేది కాదని మాత్రం చెప్పాడు. ఆ పది రోజుల గురించిన బాధ నేను ఎవరితోనూ చెప్పుకోలేదు, నాలో నేనే అనుకుంటున్నాను. ఆయనకు ఎలా తెలిసిందో.

"ఇటు వెలుతురుకు రా."

కిటికీ దగ్గర నిలబెట్టి, బొటనవేలితో నా కింది రెప్ప లాగి చూశాడు. రెండోది చూశాడు. నాలుక చూశాడు. అరచేతులు చూశాడు. బల్ల మీద పడుకోబెట్టి కుడి డొక్క కింద వేళ్లతో నొక్కాడు.

"లేవు" అన్నాడు.

"ఏం లేవు సార్?"

"కామెర్లు."

"నాకెరుకే సార్."

"నీకెరుకే. నేను చూడలేదు గదా."

మూడు కాగితాలూ నిలువునా చింపి బుట్టలో వేశాడు. గోళీలేమీ రాయలేదు. వేళకు తినమన్నాడు, వారం రోజులు లైబ్రరీ పుస్తకాలు ఇంటికి తీసుకుపోవద్దన్నాడు.

ఇంటికి వచ్చి అక్కకు ఫోన్ చేశాను. ఉద్యోగం ఉందని చెప్పాను, ఏవో మంచివాడని చెప్పాను. ఆమె అదంతా విని, చివరికి అడిగింది, "మరి గా కామెర్ల కాగితం?"

"చింపేసిన్రు. డాక్టర్ నన్ను చూసిండు కూడా. కండ్లు చూసిండు, కడుపు నొక్కి చూసిండు. లేవన్నడు."

"లేవని కాగితం మీద రాయించుకున్నవా?"

"లేదక్క. నోటితోనే చెప్పిండు."

"ఎహె, రాయించుకోవద్దా" అంది. కానీ ఆమె గొంతులో ఆ కాగితం చూసినప్పటి నుంచి ఉన్న భయం ఇప్పుడు లేదు. తర్వాత, అన్నం వండుకున్నావా, కూర ఏం చేసుకున్నావ్ అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఫోన్ పెట్టకుండా నాతో బియ్యం కడిగించింది.